నడుము కొలత

ఫిబ్రవరి 3, సోమవారం

ఇది షాపులో కొలతలు రాసుకునే పుస్తకం. సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఛాతీ, భుజం, నడుము అని అచ్చువేసిన గీతల మీద నా గోడు రాసుకుంటున్నాను. చదివేవాళ్ళెవరూ లేరు కాబట్టి అడిగేవాళ్ళూ ఉండరు.

దొరను హోమ్‌లో దింపి వచ్చాను. నలభై ఒక్క ఏళ్ళ తమ్ముణ్ణి ఒక చక్రాల కుర్చీతో, ఒక సంచీ బట్టలతో, రెండు పేజీల కాగితంతో అప్పజెప్పి వచ్చాను. దొర అని పేరు పెట్టింది నేనే. వాడికి మాట రాదు, చేతులు ఆడవు, నడవలేడు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. అయినా ఇంట్లో అందరం వాడి చుట్టూ తిరగాల్సిందే. మెత్తగా చేసి చెంచాతో నోటికందిస్తే, మనకేదో ఉపకారం చేస్తున్నట్టు తీరిగ్గా తింటాడు. దొర కాక ఇంకేమంటారు?

అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకోకపోతే ఈ అవసరమే వచ్చేది కాదు. ఇద్దరినీ ఎత్తి దించడం నా ఒక్కదానివల్ల కాదు. కాదంటే కాదు. దీని గురించి మళ్ళీ రాయను.

ఆ రెండు పేజీలు మాత్రం బాగా రాశాను. "మీవాడి గురించి మాకేం తెలియాలో రాసివ్వండి" అన్నారు హోమ్ వాళ్ళు. అమ్మ అప్పటికి ఆస్పత్రిలో నొప్పి మాత్రల మత్తులో ఉంది. నేనే ఒక మధ్యాహ్నం షాపులో ఎవరిదో కోటు చేతులు కుదించి, తర్వాతి గిరాకీ వచ్చేలోపు కూర్చుని రాసేశాను. మొత్తం పదకొండు పాయింట్లు. ఫిట్స్ వచ్చేముందు బొటనవేలు గుప్పిట్లో దాచుకుంటాడు, నీళ్ళు కాస్త చిక్కగా కలిపితేనే మింగుతాడు, ఇలాంటివి. అక్కడి మేనేజరు చంకలో ఫైలు లేకుండా నాకింతవరకు కనిపించలేదు. ఆ ఫైలు మేడమ్ మొత్తం చదివి, "ఇంత స్పష్టంగా రాసిచ్చినవాళ్ళు ఇంతవరకు లేరండీ" అంది. పొంగిపోయాను.

ఇంటికి రాగానే మంచంమీది నుంచి అమ్మ అడిగింది, "వాడు తిన్నాడా?"

"తిన్నాడమ్మా" అన్నాను. తినే ఉంటాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చూడ్డానికి వెళ్ళాలంటే ఆదివారం మూడు నుంచి ఐదు. మధ్యాహ్నం భోజనాలైపోయాక, రాత్రివి మొదలవకముందు. పొడుగాటి వరండా, తడిగుడ్డతో తుడిచిన నేల. బీరువాలో తువ్వాళ్ళు అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ముందు బట్టల మీదికే పోతాయి. మడతలు తిన్నగా ఉన్నచోట మనుషులూ తిన్నగా ఉంటారని నా నమ్మకం.

దొర మంచం పక్కన గోడకి నా కాగితం లామినేషన్ చేయించి అంటించారు. డ్యూటీకి ఎవరొచ్చినా ముందు అది చదవాలట. దొరను చూసుకునే అతను యూనిఫాం లోపల ఎప్పుడూ గళ్ళచొక్కానే వేస్తాడు, కాలరు బయటికి కనిపిస్తూ ఉంటుంది. "మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయక్కా. నాకు మొత్తం కంఠతా వచ్చేసింది" అన్నాడు.

దొర నావైపు చూడలేదు. అలిగాడు. మహారాజులకు అలకలు ఉండవా మరి.

మంచి పనే చేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

దొర ప్యాంటు నడుము దగ్గర వదులైంది. వాడి ప్యాంట్లు నేనే కుడతాను. కుర్చీలో కూర్చునేవాడు కాబట్టి వెనక జారిపోకుండా వెనకభాగం రెండంగుళాలు ఎత్తుపెట్టి, నడుముకు ఎలాస్టిక్ వేస్తాను. ఇరవై ఎనిమిదికి కుట్టినది ఇప్పుడు రెండు వేళ్ళు దూరేంత వదులు. హోమ్‌లో వేడినీళ్ళలో ఉతుకుతారు. వేడినీళ్ళకి ఎలాస్టిక్ సాగుతుంది. రెండు జతలు ఇంటికి తెచ్చి అంగుళం లోపలికి తీశాను.

నడుము 27.

ఫిబ్రవరి 19, బుధవారం

అమ్మ అడిగింది. తిన్నాడన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

షాపులో పని ఎక్కువ. వెళ్ళలేదు. వెళ్ళకపోతే మాత్రం వాడికేం తెలుస్తుందిలే అని ఒక్క క్షణం అనుకున్నాను. ఈ వాక్యం కొట్టేయాలి.

మార్చి 2, ఆదివారం

చొక్కా కాలరు నములుతున్నాడు. ఎడమ కొస నానిపోయి, అంచు కుట్టు ఊడి, లోపలి గట్టిగుడ్డ బయటపడింది. ఇంట్లో ఎన్నడూ లేదు ఈ పని. కొత్త చోటు, కొత్త అలవాటు. నేను పక్కన కూర్చోగానే నా సంచీకేసి చూసి నోరు తెరిచాడు. సంచీలో టేపు, కత్తెర తప్ప ఏమీ లేవు. బయటినుంచి తినేవి ఏవీ తేకూడదని ఇక్కడి నియమం, పొలమారే ప్రమాదం ఉందని.

"ఆవలిస్తున్నాడు పాపం, నిద్రొస్తోందేమో" అన్నాను గళ్ళచొక్కాతో.

అతను ఏదో అనబోయి ఆగిపోయాడు. పక్క మంచంవాళ్ళు పిలిస్తే వెళ్ళాడు. అతనొక్కడికి ఆరుగురు.

మళ్ళీ ఒక అంగుళం. నడుము 26.

మార్చి 5, బుధవారం

ఇరవై ఆరేళ్ళుగా బట్టలు సరిచేసి బతుకుతున్నాను. బట్ట వదులైందని ఎవరైనా తెస్తే "చిక్కారండీ" అంటాను, మురిసిపోతారు. ఎన్ని వేడినీళ్ళకు ఎలాస్టిక్ ఎంత సాగుతుందో నాకు తెలియదా? ఈ ఎలాస్టిక్ నాసిరకం. అంతే.

అమ్మ అడిగింది. తిన్నాడన్నాను. "ఎంత?" అని కూడా అడిగింది ఈసారి. "ఎప్పటిలాగే" అన్నాను.

మార్చి 9, ఆదివారం

గొడవ పెట్టుకుని వచ్చాను.

ఈసారి ప్యాంటు వేలితో పట్టుకుంటే మొత్తం చేతిలోకి వచ్చేసింది. తుంటి ఎముకలు తగిలాయి. గళ్ళచొక్కా లేని సమయం చూసి మంచానికి వేలాడే రోజువారీ రిజిస్టరు తీశాను. తారీఖు తర్వాత తారీఖు, పూట తర్వాత పూట, ఒకే మాట. "మూడు చెంచాలు తిన్నారు. చాలన్నారు." "నాలుగు చెంచాలు తిన్నారు. చాలన్నారు." నెల రోజులుగా ఇంతే.

తిన్నగా ఆఫీసుగదికి వెళ్ళాను.

"మా తమ్ముడు చాలన్నాడా? ఏ నోటితో అన్నాడు? కన్నతల్లిని ఏనాడూ అమ్మా అని పిలవనివాడు మీతో చాలన్నాడా?"

"నోటితో కాదండీ, సైగతో" అంది ఫైలు మేడమ్. "ఎవరి సైగలు వాళ్ళకుంటాయి కదా. మీవాడికి కూడా..."

"సైగా లేదు గీగా లేదు. కంచే చేను మేసిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. మావాడి తిండి ఎవరి కడుపులోకి పోతోందో నేనే తేలుస్తా."

"బరువు చూపించండి" అన్నాను. చక్రాల కుర్చీతో సహా తూచే మిషన్ పాడై చాలాకాలమైందట, బాగుచేసేవాడు రావాలట. రిజిస్టరులో నిన్నటి భోజనం ఉంది గానీ మనిషి బరువు లేదు. ఆమె ఏదో చూపించాలని ఫైలు తెరిచింది. నేను ఆగలేదు. తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

నడుము 25.

మార్చి 12, బుధవారం

హోమ్‌లను తనిఖీ చేసే ఆఫీసుకు ఫిర్యాదు పంపాను. నాలుగు పేజీలు, పాయింట్లవారీగా. రాయడంలో నాకు పేరుంది కదా.

మార్చి 14, శుక్రవారం

అమ్మ అడిగింది.

మార్చి 20, గురువారం

తనిఖీకి ఇద్దరొచ్చారు. నన్నూ పిలిచారు. ఎత్తుకు పైఎత్తు వేసే మాటలు పది సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఒక్కటీ పనికిరాలేదు.

నన్ను ఆఫీసుగదిలో కూర్చోబెట్టి వాళ్ళు మధ్యాహ్నం భోజనం వేళ దొర గదికి వెళ్ళారు. ఎక్కడినుంచో తూకం మిషన్ వెంట తెచ్చుకున్నారు. గంట తర్వాత పెద్ద ఆఫీసరు తిరిగివచ్చాడు. కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడేసుకున్న పెద్దమనిషి. గొంతు పెంచే రకం కాదు.

"ముప్పై ఏడు కిలోలున్నారమ్మా. చేరేముందు ఆస్పత్రి చీటీలో నలభై నాలుగు. మీరు చెప్పింది నిజం, ఆయన తిండి తగ్గింది" అన్నాడు. నేను ఫైలు మేడమ్‌కేసి చూశాను, ఇప్పుడేమంటావన్నట్టు.

"వీళ్ళ తప్పులు రాసుకున్నాను" అన్నాడాయన. "తూకం లేదు. మనిషి చిక్కిపోతున్నా డాక్టరుకు చెప్పలేదు. ఒక్కరికి ఆరుగురేంటి? అవన్నీ తప్పులే. కానీ తిండి దొంగతనం జరగలేదు. కావాలని మాడ్చలేదు. రాసింది రాసినట్టు చేశారు." గోడమీంచి ఊడదీసి తెచ్చిన కాగితం నా ముందు పెట్టాడు. "ఆరో పాయింటు ఒకసారి చదవండమ్మా."

చదివాను. పైకే చదివాను.

"తింటూ తింటూ గోడవైపు తల తిప్పితే కడుపు నిండినట్టు. ఇక పెట్టకూడదు. బలవంతపెడితే పొలమారుతుంది."

"ఈ రాత ఎవరిదండీ?"

"నాదే" అన్నాను.

అదే రోజు

ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. చెప్పులు కూడా విప్పలేదు. నేను రాసింది సరైందేనని అమ్మతో అనిపించుకోవాలి. అనిపించుకుని మళ్ళీ వెళ్ళి దులిపేయాలి.

"అమ్మా, దొర గోడవైపు తిరిగితే చాలనే కదా?"

"చాలని ఎవరన్నారే?"

"తింటూ తింటూ తిప్పేస్తాడు కదా మొహం?"

"మింగడానికి తిప్పుతాడు" అంది అమ్మ. "నోట్లోది దిగాలంటే వాడికి మెడ అటు తిరగాలి. ఆగితే మళ్ళీ ఇటు తిరుగుతాడు. నేను గిన్నె అంచుమీద చెంచాతో రెండుసార్లు కొట్టేదాన్ని. ఉన్నాలేరా, నీ తీరికకొద్దీ తినూ అని."

"నేను పెట్టినప్పుడు మళ్ళీ ఇటు ఎప్పుడూ తిరగలేదే?"

"నువ్వెక్కడ ఆగావే? మొహం తిప్పగానే గిన్నె పెట్టేసి షాపుకి పరిగెత్తేదానివి. తర్వాత నేనొచ్చి కూర్చునేదాన్ని."

అవును. "తిన్నాడమ్మా, ఎందుకలా కుక్కుతావు?" అని అమ్మనే కసిరేదాన్ని. ముప్పై ఏళ్ళు కసిరాను. అమ్మ గారాబం చేస్తోందనుకున్నాను. నాలుగు చెంచాలు పెట్టి నేను లేచిపోయేదాన్ని, మిగతా గిన్నె అమ్మ పెట్టేది. నేను చూసిన సగాన్నే పూర్తి అనుకుని కాగితం మీద పెట్టాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అమ్మ నా మొహంకేసి చూసింది. "వాడు తింటున్నాడా?"

"తింటున్నాడమ్మా."

మార్చి 21, శుక్రవారం

పొద్దున్నే హోమ్‌కి వెళ్ళాను. ఆరో పాయింటు కొట్టేసి పక్కన సరైంది రాద్దామని పెన్ను కూడా తీసుకెళ్ళాను. ఫైలు మేడమ్ కాగితం ఇవ్వలేదు.

"నిన్న వాళ్ళు రాసి వెళ్ళారండీ. తిండి విషయంలో ఏ మార్పయినా మింగుడు పరీక్ష చేసే డాక్టరమ్మ వచ్చి, చూసి, రాసిస్తేనే. అప్పటిదాకా వద్దన్న మనిషికి పెడితే బలవంతం కిందికి వస్తుందట. మేము పెట్టకూడదు, మీరూ పెట్టకూడదు."

"మరి వాడి పరిస్థితి? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అంతేనా?"

"చిక్కటి పాలపొడి డబ్బా రాసిచ్చారు, రోజుకి రెండుసార్లు. ఆయన తల తిప్పేలోపు ఎంత పోతే అంత." ఫైలు మూసి అంది, "ఫిర్యాదుకి ముందు నాకొక్క మాట చెప్పుంటే అప్పటికప్పుడు మార్చేదాన్నండీ. ఆరోజు ఆ కాగితమే చూపించబోయాను."

ఆమె ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది, తిరిగి అనడానికి నాకొక మాట దొరికేది.

వరండాలో గళ్ళచొక్కా నన్ను చూసి తల దించుకున్నాడు.

"ఆయన మళ్ళీ ఇటు తిరుగుతారక్కా. నేను చూశాను. పళ్ళెం తీసేశాక తిరిగి నోరు తెరుస్తారు. నాకు అనుమానం వచ్చింది."

"వస్తే చెప్పలేదేం?"

"రాసింది అక్కగారు. తోడబుట్టినావిడకంటే నాకెక్కువ తెలుసా అనుకున్నాను. పైగా అవతల ఐదుగురు నోళ్ళు తెరుచుకుని ఉంటారు."

డాక్టరమ్మ వచ్చేది మూడు వారాల తర్వాత. చాలా హోమ్‌లకి ఆవిడ ఒక్కతే.

మార్చి 23, ఆదివారం

బతిమాలితే మధ్యాహ్నం భోజనం గుమ్మంలోంచి చూడనిచ్చారు. గళ్ళచొక్కాను వేరే వరండాకి మార్చారు. కొత్తమ్మాయి పెడుతోంది. ముందు గోడమీది కాగితం వేలు పెట్టి మరీ చదువుకుంది. బుద్ధిమంతురాలు.

ఒక చెంచా. రెండు. మూడు. దొర గోడవైపు తల తిప్పాడు. ఆ పిల్ల వెంటనే చెంచా పెట్టేసి, మూతి తుడిచి, పళ్ళెం పట్టుకుని లేచింది.

"ఆగమ్మా, ఒక్క నిమిషం ఆగు" అన్నాను.

"వద్దంటున్నారండీ. రాసుంది. నా ఉద్యోగం పోతుంది" అంది. భయపడింది పాపం.

ఆ పిల్ల వెళ్ళాక దొర తిరిగాడు. ఖాళీ బల్లకేసి నోరు తెరిచాడు. కాసేపు అలాగే ఉంచి మూసేశాడు. నావైపు కూడా చూశాడు. నా చేతిలో ఏమీ లేదు.

నడుము 24.

మార్చి 25, మంగళవారం

ఇంటికి తెచ్చేస్తానని ఫోన్ చేశాను. డాక్టరు సంతకం కావాలన్నారు, అదెలాగూ అంటారు. మంచంమీంచి కుర్చీలోకి మార్చడానికి ఇంట్లో ఇద్దరు మనుషులున్నారా అని అడిగారు. ఉన్నది ఇద్దరమే, ఒకరు మంచంలో ఉన్నారు. ఫోన్ పెట్టేశాను. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చాను, కుళాయి తిప్పుకుని.

మార్చి 30, ఆదివారం

గుమ్మంలోంచి చూశాను. తిప్పాడు. పళ్ళెం పోయింది. తిరగడానికి కాస్త ఆలస్యం చేశాడు.

ఏప్రిల్ 2, బుధవారం

డాక్టరమ్మను తొందరపెట్టమని మూడోసారి అడిగాను. లైనులో ఉండమన్నారు. ఉన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

కాలరు నమలడం మానేశాడు. మంచిదే కదా.

మంచిదో కాదో నాకు తెలియదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్లలా ఉంది, గానీ పనిమంతురాలు. దొర ముందు చిన్న స్టూలు వేసుకుని తన కళ్ళు వాడి కళ్ళకంటే కిందికి ఉండేలా కూర్చుంది. అమ్మ చెప్పిందంతా చెప్పాను. శ్రద్ధగా రాసుకుంది. "మీరే పెట్టండి, అమ్మగారి పద్ధతిలోనే" అంది. అరవై ఏడు రోజుల తర్వాత చెంచా నా చేతికొచ్చింది.

ఒకటి. రెండు. మూడు. తిప్పాడు.

నేను లేవలేదు. గదిలో ఎవరూ కదల్లేదు. ఫైలు మేడమ్ గుమ్మంలో, కొత్తమ్మాయి మంచం చివర. గోడగడియారం చూశాను. ఒక నిమిషం. రెండు. గిన్నె అంచుమీద చెంచాతో రెండుసార్లు కొట్టాను. వాడి చెవి దగ్గర నరం కదిలినట్టనిపించింది. మళ్ళీ కొట్టాను. "ఉన్నాలేరా దొరా, నీ తీరికకొద్దీ తినూ" అన్నాను. నా గొంతు అమ్మ గొంతు కాదు. ఐదు నిమిషాలు. పది. డాక్టరమ్మ లేచి గోడవైపుకి వెళ్ళి వాడి మొహం చూసింది. నోట్లోది ఎప్పుడో మింగేశాడట. కళ్ళు మూసుకున్నాడట.

"చాలంటున్నారండీ" అంది.

"కాదమ్మా. ఆగమంటున్నాడు. మా అమ్మకి తెలుసు."

"ఇదివరకు అదే అయ్యుంటుంది. రెండు నెలలకు పైగా తల తిప్పగానే పళ్ళెం వెళ్ళిపోతోంది కదండీ. తిరిగినా ఏమీ ఉండదని నేర్చుకున్నారు. మాట రానివాళ్ళు నేర్చుకోరనుకుంటాం."

"మళ్ళీ నేర్పలేమా?"

"నేర్పొచ్చు. ఒకే మనిషి, మూడుపూటలా, పూటకో గంట, పక్కనే కూర్చోవాలి. నెలలు పట్టొచ్చు." ఆవిడ ఫైలు మేడమ్‌కేసి చూసింది. ఫైలు మేడమ్ ఫైలుకేసి చూసింది. ఒక్కరికి ఆరుగురు ఇప్పుడు ఒక్కరికి ఐదుగురైంది. తనిఖీ పుణ్యమా అని.

అంతవరకు వాడు ఆగలేడు. ముప్పై నాలుగు కిలోలు. పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టం వేస్తారట. తిండి నేరుగా లోపలికి వెళ్తుంది, నోటితో పని లేదు. చిన్న ఆపరేషనేనట, బతుకుతాడట. కుటుంబం తరఫున సంతకం కావాలన్నారు. చూపించిన చోటల్లా పెట్టాను. ముత్యాల్లాంటి అక్షరాలతో.

కొత్త కాగితం డాక్టరమ్మ రాసింది. ఆరో పాయింటు మారలేదు. తల తిప్పితే చాలని అర్థం. కింద ఆవిడ ముద్ర.

సాయంత్రం అమ్మ అడిగింది, "వాడు తిన్నాడా?"

నోట్లో మాట తయారుగానే ఉంది. రెండు నెలలుగా అరిగిపోయిన మాట. రాలేదు.

"లేదమ్మా" అన్నాను. "మూడు చెంచాలే."

మొత్తం చెప్పాను. అమ్మ తిడుతుందనుకున్నాను. మెల్లగా అడిగింది.

"నువ్వు ఆగావా?"

"ఆగానమ్మా. ఈసారి ఆగాను."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

గొట్టం దగ్గర ఒరుసుకోకుండా ప్యాంటు ముందుభాగం దించి కుట్టాలన్నారు. వెనక ఎత్తు అలాగే ఉంచి, ముందు మూడంగుళాలు తగ్గించి, రెండు జతలు కొత్తగా కత్తిరించాను. పాతవి కుదించడానికి ఇక బట్ట మిగల్లేదు. కొలత ఈసారి ప్యాంటుకి తీయలేదు, టేపు వాడి ఒంటికే చుట్టి తీశాను.

నడుము 22.

ఎలాస్టిక్ సాగలేదు. ఎప్పుడూ సాగలేదు.